చెంగల్రాయ టాకీస్ నాయుడుపేటలో లేదు

సంపాదకులకు నేను రాసిన నాలుగు ఉత్తరాలకూ జవాబు రాలేదు. అందుకని ఈసారి ఉత్తరం మానేసి వ్యాసమే రాస్తున్నాను. వృత్తి అనుభవాల ఈ శీర్షికలో డాక్టర్లు రాశారు, ఇంజినీర్లు రాశారు, ఒక బ్యాంకు మేనేజరు గారు లాకరు తాళంచెవి పోయి దొరికిన సంగతి మూడు పేజీలు రాశారు. సినిమా హాలు మేనేజరుది వృత్తి కాదని మీరు తేల్చుకున్నారేమో తెలియదు. తేల్చుకుని ఉంటే ఆ మాటైనా ఒక కార్డు ముక్క మీద రాసి పంపవలసింది.

నా పేరు గోవిందస్వామి. చిత్తూరులో చెంగల్రాయ టాకీస్‌కు పద్దెనిమిదేళ్లు మేనేజరుగా పనిచేశాను. టికెట్ల కిటికీ దగ్గర తోపులాట ఆపడం దగ్గర నుంచి పేపరుకు ప్రకటన రాసి పంపడం దాకా అన్నీ నా పనులే. వాటిలో నాకు ప్రాణమైనది ప్రకటన రాయడం. నన్ను నిలువునా ముంచిందీ అదే.

1984 సంగతి. మా హాలు మామిడికాయల మండీ వెనక వీధిలో ఉండేది. రేకుల కప్పు, ఒకే ప్రొజెక్టరు, ముందు బెంచీలు, వెనక నాలుగు వరుసల కుర్చీలు. ఊళ్లో ఒక పెద్ద హాలు ఉండేది. దాని పేరు ఇక్కడ రాయను. మా కష్టం మీద ఆ పేరు ఒకసారి పేపర్లో ఊరికే పడింది, అది చాలు. కొత్త సినిమాలు ముందు అక్కడ పడేవి. జనం పలచబడి, రీళ్ల నిండా గీతలు పడ్డాక మా దగ్గరికి వచ్చేవి. ఒక హాలులో ఆడుతున్న సినిమాను ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా అదే ఊళ్లో ఇంకో హాలుకు మార్చడాన్ని షిఫ్టింగ్ అంటారు. అలా మారిస్తే రోజుల వరుస తెగదు. పెద్ద హాలులో యాభై ఆరు రోజులు ఆడి మరునాడు మా హాలులో పడితే మాది యాభై ఏడో రోజు అవుతుంది.

ఆనాటి సినిమా ప్రకటన ఎలా తయారయ్యేదో కూడా చెప్పాలి. సినిమా పేరు, హీరో బొమ్మ ఉన్న పైభాగాన్ని బ్లాకు అనేవాళ్లు. అది చెక్కకు మేకులు కొట్టి బిగించిన జింకు రేకు. దాని కింద ఊళ్ల పేర్లు, హాళ్ల పేర్లు ప్రెస్సులో కంపోజిటర్లు ఒక్కో అక్షరం ఏరి పేర్చేవాళ్లు. టీ అంగట్లో జనం పేపరు తిరగేసి బొమ్మ చూసేవాళ్లు. హాళ్ల వాళ్లం మాత్రం బొమ్మ జోలికి పోయేవాళ్లం కాదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మా పేరు ఎన్నో వరుసలో పడింది, పక్క హాలు పేరు మాకంటే లావుగా పడిందా అని చూసేవాళ్లం. ఒకసారి నేను స్కేలు పెట్టి కొలిచి, పెద్ద హాలు అక్షరం మా అక్షరం కంటే ఎత్తుగా వేశారని పేపరు ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. దానికీ జవాబు రాలేదు. అయినా తెల్లవారి సినిమా ప్రకటనలుండే చివరి పేజీ తిప్పేటప్పుడు పడే తొందర ఇప్పటికీ నాకు గుర్తుంది. పరీక్ష ఫలితాలు చూసుకునే వాళ్లకు కూడా అంత ఆత్రం ఉండదు.

ఆ ఏడు ఉగాదికి ఒక కుటుంబ కథ వచ్చింది. చివరి రెండు రీళ్లూ కోర్టు సీనే. ఎనిమిది వారాలు కాగానే పెద్ద హాలు వాళ్లు కొత్త సినిమా కోసం దాన్ని తీసేయబోతున్నారని తెలిసింది. మా యజమాని మునిరత్నం నాయుడు, నేను బస్సెక్కి తిరుపతిలోని పంపిణీ ఆఫీసుకు వెళ్లాము. చిత్తూరు, నెల్లూరు జిల్లాల హాళ్లకు ఆ సినిమా ఇచ్చేది వాళ్లే. అక్కడ మేనేజరు రాఘవులు.

రాఘవులు మమ్మల్ని కూర్చోబెట్టి, “నాయుడన్నా, షిఫ్టింగ్ నీకే ఇస్తా. నూరు దినాలు లాగు. నూరో దినం పేపర్లో చిత్తూరు పక్కన నీ హాలు పేరు పడితే దసరా సినిమా నీకు డైరెక్టుగా రిలీజు ఇప్పిచ్చే పూచీ నాది” అన్నాడు.

“ఇచ్చేది నువ్వు కదప్పా, మళ్లా పేపరెందుకు?” అన్నాడు నాయుడు.

“నేను యాడ ఇస్తానన్నా? మద్రాసోళ్లు ఇయ్యాల. వాళ్లు చిత్తూరు ఎప్పుడన్నా చూసినారా? వాళ్లకు ఊరంటే పేపర్లో ఒక లైను.”

తిరుగు బస్సు పూతలపట్టు దాటింది. నాయుడు నా మోకాలి మీద కొట్టి, “గోవిందూ, మా నాయన హాలు కట్టి ఇరవై ఏండ్లాయ. ఒకసారన్నా మన గేటు కాడ మొదటి దినం జనం చూసినామా? ఒకరు నాకి పారేసిన ఆకే కదా మనకు. కొత్త రీలు వాసన ఎట్లుంటాదో నాకు తెలీదు సామీ” అన్నాడు. ఆ మాట విన్నాక నలభై నాలుగు రోజులు ఎలాగైనా ఆడించి తీరాలని నేను పట్టుబట్టాను. నా పట్టు ఎలాంటిదో మీ ఆఫీసులో ఉత్తరాల కట్ట విప్పి చూస్తే తెలుస్తుంది.

యాభై ఏడో రోజు శుక్రవారం. రీళ్ల పెట్టెలు పెద్ద హాలు నుంచి రిక్షాలో వచ్చాయి. మా ఆపరేటరు దేవసహాయం పెట్టె మూత తీసి రీలును వెలుతురుకు పట్టి, “మేనేజరన్నా, దీన్ని వాళ్లు సినిమా చూపిచ్చినారా, పేలాలు వేయించినారా?” అన్నాడు. ఆ రోజు పొద్దున్నుంచి అన్నం కూడా ముట్టకుండా తెగిన చోటల్లా గీకి, అతుకుమందు పూసి, నూట పదికి పైగా అతుకులు వేశాడు. నూన్ షోకు బొమ్మ పడింది. ఒక్క చోట కూడా తెగలేదు. నేను వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. నాలుగో వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి, “ఏందబ్బా, హీరో ఇంకా రానేలేదు కదా!” అన్నాడు.

మాకు కలిసొచ్చినవి రెండు. ఒకటి మామిడి. జూన్ నెల కావడంతో పల్లెల నుంచి బండ్లు, లారీలు దిగేవి. కాయ వేలానికి ఇంకా టైముందంటే రైతులు మా హాల్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. అరవం మాట్లాడేవాళ్లు, తెలుగు మాట్లాడేవాళ్లు పక్కపక్కనే కూర్చుని ఒకే చోట ఏడ్చేవాళ్లు. హాలంతా తోతాపురి వాసన. రెండోది కోర్టు. వేసవి సెలవులయ్యాక కోర్టులు తెరిచారు. వాయిదా పడిన కక్షిదారులు, వాళ్లను వెంటేసుకుని వకీళ్ల గుమాస్తాలు నూన్ షోకు దిగబడేవాళ్లు. కోర్టు సీను రాగానే గుమాస్తాల కేకలకు తెర మీద మాటలు వినబడేవి కావు.

“సాక్షిని అట్లా అడిగితే మా జడ్జి ఊరుకుంటాడా!”

“ఆ సుత్తి సూడప్పా! మన కోర్టులో సుత్తి యాడుండాది? కొయ్యపని చేసే వడ్లాయన కొట్లో ఉండాది!”

ఒక గుమాస్తా పదకొండు సార్లు చూశాడు. ఎందుకయ్యా అంటే, “తప్పులన్నీ రాసుకుంటావుండా సార్. ఇంకా అయిపోలేదు” అన్నాడు. అలాంటి మనిషిని చూస్తే నాకు ప్రాణం లేచివస్తుంది.

తొంభై ఒకటో రోజు పెద్ద గండం వచ్చింది. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నానికీ రాలేదు. రోజుకు ఒక్క ఆటైనా పడకపోతే వరుస తెగినట్టే, నూరు రోజుల మాట ఉండదు. నాయుడు గేటు దగ్గర తుండుగుడ్డ పరుచుకుని కూలబడ్డాడు. నేను పరుగెత్తి పెళ్లిళ్లకు మైకుసెట్లు పెట్టే ఆయన దగ్గర జనరేటరు తెచ్చాను. అది ప్రొజెక్టరును లాగింది కానీ ఫ్యాన్లను లాగలేదు. రేకుల కింద, ఎండ వేళ మ్యాట్నీ! ఒక్కరు లేచి వెళితే ఒట్టు. మండీ వాళ్లు గంపల్లో వేసే గడ్డి పక్కన పెట్టి, గంప మూతలు తెచ్చి వరుసకొకటి ఇచ్చారు. ఒకరు విసురుతుంటే పదిమందికి గాలి. ఆట అయిపోయి ‘శుభం’ పడగానే జనం సినిమాకు కొట్టలేదు చప్పట్లు, జనరేటరుకు కొట్టారు. దేవసహాయం చెమటతో తడిసిపోయి కిందికి దిగి, “తొంభై ఒకటి ఒడిసింది నాయుడన్నా” అన్నాడు. నాయుడు వాణ్ణి కౌగిలించుకున్నాడు. నాకు మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. జనరేటరు తెచ్చింది నేనని ఇప్పటికైనా రాసి ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

తొంభై ఎనిమిదో రోజు గురువారం. నూరో రోజు ప్రకటన శనివారం పేపర్లో పడాలి. పోస్టును నమ్మక నేనే తిరుపతి వెళ్లాను. రాఘవులు ఊళ్ల జాబితా నల్లసిరాతో రాసి సిద్ధంగా ఉంచాడు. పైన నూరు రోజులు ఆడిన ఊళ్లు, కింద యాభై రోజులు ఆడిన ఊళ్లు. చిత్తూరు పక్కన పెద్ద హాలు పేరు, దాని తరువాత మా పేరు రాశాడు. కింది జాబితాలో మొదటి ఊరు నాయుడుపేట. దాని పక్కన హాలు పేరు లేకుండా ఖాళీ ఉంది.

“ఆ పేరు ఆఫీసులో మనోడు రాసుకోడం మర్చినాడు. నేను ప్రెస్సుకు ఫోన్ చేసి చెప్తా. నువ్వు కాగితం ఇచ్చేసి పో” అన్నాడు రాఘవులు.

తిరుపతిలోనే ఉన్న పేపరు ప్రెస్సు మెట్ల దగ్గర నాకు ఒక బుద్ధి పుట్టింది. పెద్ద హాలు పక్కన మా పేరు ఊరికే ఉంటే మద్రాసు వాళ్లకు ఏం అర్థమవుతుంది? చివరి నలభై నాలుగు రోజులు మావని తెలియాలి కదా. జేబులో ఎర్రసిరా పెన్ను ఉంది. చెంగల్రాయ పక్కన పెద్ద అక్షరాలతో ‘షిఫ్టింగ్’ అని రాసి, కింద గీత గీసి, ఎవరి కంటికైనా ఆనేలా ఒక బాణం గుర్తు కూడా వేశాను. చోటు చాలక బాణం కొన కిందికి తిరిగింది. కాగితం ఇచ్చి, శ్రీవారి కొండ వైపు తిరిగి దండం పెట్టుకుని బస్సెక్కాను.

శనివారం పేపరు కట్టలు బస్సు నుంచి దించుతుండగానే ఒకటి లాక్కున్నాను. చివరి పేజీ. హీరో నవ్వుతున్నాడు. ‘విజయవంతమైన 100వ రోజు.’ చిత్తూరు పక్కన పెద్ద హాలు పేరు ఒక్కటే ఉంది. మా పేరు లేదు. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చూపు కిందికి జారింది. అక్కడ ఇలా ఉంది:

‘50 రోజులు: నాయుడుపేట - చెంగల్రాయ.’

ఊరికి వార్త చేరడానికి గంట పట్టలేదు. నూన్ షో టికెట్ల కిటికీ దగ్గర మొదలైంది.

“ఏంబ్బా, రెండు టిక్కెట్లు, నాయుడుపేటకు!”

“హాలు యాడికి పొయినా బెంచీలు ఈడనే వదిలిపెట్టి పొయినారే!”

పదకొండు సార్లు చూసిన గుమాస్తా కూడా వచ్చాడు. “సార్, తప్పుల్లో ఇది పెద్ద తప్పు. రాసుకున్నా” అన్నాడు. నాయుడు పేపరు మడిచి బనీను లోపల పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మూడు రోజులు హాలు వైపు రాలేదు.

సోమవారం పొద్దున నేను ప్రెస్సు ఫోర్‌మన్ ముందు నిలబడ్డాను. కంపోజింగ్ పనంతా ఆయన చేతి కిందే జరుగుతుంది. ముసలాయన. నేను అరిచిందంతా విని, మేకుకు గుచ్చిన కాగితాల్లోంచి మా జాబితా తీసి నా ముందు పెట్టాడు.

“ఈ ఎర్రసిరా ఎవురిది?”

“నాదే. కండ్లకు ఆనాలని పెట్టినా.”

“బాగా ఆనింది. ఈడ నల్లసిరాతో రాసింది మేము పేర్చేది. ఎర్రసిరాతో రాసింది మేము చేసేది. నల్లది మ్యాటరు, ఎర్రది ఆర్డరు. నువ్వు చెంగల్రాయ పక్కన షిఫ్టింగ్ అని ఆర్డరేసినావు. బాణం కిందికి చూపిచ్చినావు. కింద సూస్తే నాయుడుపేట కాడ ఖాళీ. ఫోనొస్తాదని సాయంత్రం దాకా చూసినాం, రాలేదు. షిఫ్టు చేసినాం. తప్పేముండాది సామీ?”

కాగితం తీసుకుని ఆ బాణాన్ని కొన దాకా వేలితో గీసి చూశాను. మా హాళ్ల వాళ్లకు షిఫ్టింగ్ అంటే సినిమా మారడం. ఆ ప్రెస్సు వాళ్లకు అక్షరాలు మారడం. మాట ఒకటే. సిరా రంగు తేడా.

ఎర్రసిరా నాది. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను, నలభై ఏళ్లుగా ఒప్పుకుంటూనే ఉన్నాను. కానీ తప్పు దిద్దమని అడిగితే వాళ్లు చేసిందేమిటి? పై అంతస్తులో ప్రకటనల మేనేజరు దగ్గరికి వెళ్లాను.

“ప్రకటన ఇచ్చింది పంపిణీ ఆఫీసు. మీరెవరు?” అన్నాడాయన.

“హాలు మేనేజరును.”

“ఏ హాలు?”

“చెంగల్రాయ టాకీస్.”

ఆయన పేపరు తిరగేసి చూసి, “నాయుడుపేట నుంచి వచ్చారా?” అన్నాడు.

అక్కడి నుంచి రాఘవులు దగ్గరికి పరుగెత్తాను. సవరణ వేయమని ఆయన ఒక్క మాట రాసిస్తే పని అయిపోతుంది. ఆయన తలుపు దగ్గరికి వేసి, “గోవిందస్వామీ, సవరణ వేస్తే నాయుడుపేట ఖాళీ సంగతి బయటపడతాది. ఫోన్ చెయ్యడం నేనే మర్చిపోయినా. మద్రాసోళ్లు నా ఉద్యోగం తీస్తారప్పా. దసరా సినిమా సంగతి నేను నోటిమాటగా చెప్తాలే” అన్నాడు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఆ ఇద్దరు పిల్లల తండ్రి ఉద్యోగం పోగొట్టే పని మాత్రం చేయలేకపోయాను. నేను ఒకరి మీద పైవాళ్లకు ఫిర్యాదు చేయని ఒకే ఒక్క సందర్భం అది.

తిరిగి వచ్చేసరికి దేవసహాయం గేటు దగ్గర ఉన్నాడు. “మేనేజరన్నా, ఊరంతా నవ్వుతావుండాది. నవ్వేటోళ్లు లోపలికొచ్చి కూర్చుంటే మనకేం నొప్పి?” అన్నాడు. ఆ మాటతో నాకు వెలిగింది. పేపరు వేయకపోతే గోడ లేదా? వీధి మలుపులో మా సున్నం గోడ మీద నిలువెత్తు అక్షరాలు నేనే రాశాను.

‘చెంగల్రాయ నాయుడుపేటకు పోలేదు. ఈడే ఉండాది. నేడు 102వ రోజు. వచ్చి చూసి పోండి.’

చిత్తూరు చిత్తూరంతా కదిలింది! కోర్టు నుంచి, మండీ నుంచి, బస్టాండు నుంచి జనం గోడ చదవడానికే వచ్చారు, చదివి టికెట్లు కొన్నారు. బస్సు కండక్టర్లు మా మలుపు రాగానే, “నాయుడుపేట, నాయుడుపేట, దిగండి!” అని కేకలు వేసేవాళ్లు. రోజూ పొద్దున పాత అంకె మీద సున్నం కొట్టి కొత్త అంకె వేసేవాణ్ణి. నాలుగో రోజు నాయుడు వచ్చి గోడ ముందు నిలబడి చదివాడు. నవ్వాడు. “గోవిందూ, అచ్చులో లేంది సున్నంలో వచ్చిందే!” అన్నాడు. నూట పదమూడో రోజు దాకా ఆడించాము. ఆ జిల్లాలో ఇంకే హాలూ ఆ సినిమాను అంత దూరం లాగలేదని నేను ఘంటాపథంగా చెబుతాను. కాదనేవాళ్లు వచ్చి నాతో మాట్లాడవచ్చు.

దసరా సినిమా మాత్రం రాలేదు. మద్రాసు ఆఫీసు నుంచి నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. చిత్తూరు కేంద్రంలో మీ హాలు పేరు మా రికార్డులో లేదు అని. నాయుడు ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి, “సున్నం గోడ మద్రాసుకు కనపడదు కదప్పా” అన్నాడు. అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కొత్త రీలు ఒక్కటీ రాకుండానే కొన్నేళ్లకు హాలు మూతపడింది. ఆయనా పోయాడు. ఇప్పుడు అక్కడ గంపలు పెట్టుకునే గోదాము ఉంది.

ఈ అనుభవం నాకు నేర్పింది ఇది. మన పని మనకు ఎంత బాగా తెలిసినా, దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు వాళ్ల పని భాష ఏమిటో అడిగి తెలుసుకోవాలి. నేను ఒక్క నిమిషం ఆగి, “అయ్యా, ఎర్రసిరా వాడవచ్చా?” అని ఆ ఫోర్‌మన్‌ను అడిగి ఉంటే చాలు.

ఇక మీ సంగతి. నిరుడు మీరు ‘పాత ప్రకటనలు’ అని ఒక పేజీ మొదలుపెట్టి, ఎక్కడి నుంచి తెచ్చారో, ఆ శనివారం ప్రకటనే వేశారు. కింద ‘నాయుడుపేటలో చెంగల్రాయ అనే హాలు ఉండేదని ఎందరికి తెలుసు?’ అని వ్యాఖ్య కూడా రాశారు. మరుసటి నెలలో నాయుడుపేట పాఠకుడొకాయన, చిన్నప్పుడు అమ్మతో కలిసి ఆ హాల్లో సినిమాలు చూశానని, దాని వరండా చల్లగా ఉండేదని ఉత్తరం రాశాడు. దాన్ని అచ్చు వేశారు! లేని హాలు వరండాకు మీ పత్రికలో చోటుంది. ఉన్న హాలు మేనేజరు రాసిన నాలుగు ఉత్తరాలకు లేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. చిత్తూరు చెంగల్రాయ టాకీస్‌లో ఆ సినిమా యాభై ఏడో రోజు నుంచి నూట పదమూడో రోజు దాకా ఆడిందని ఒక్క లైను వేయండి. నాయుడు గారి కూతురు చిత్తూరులోనే ఉంది. ఆ పేజీ తీసుకెళ్లి ఆమె చేతికి ఇవ్వాలి. వేయలేమంటే ఎందుకు వేయలేరో రాయండి. అవునని రాయండి, కాదని రాయండి. కానీ ఈసారి మీలో ఎవరో ఒకరు పేరు రాసి, కింద సంతకం పెట్టి, నాకు జవాబు ఇవ్వండి.